ఉమాదేవి ఎడమ చెయ్యి

తాడేపల్లిగూడెంలో ఆ రోజు అంపైరమ్మ చెయ్యెత్తగానే మా ఉమాదేవి ఏదో గెలిచిందనుకుని నేను చప్పట్లు కొట్టాను. హాలు మొత్తంలో నా చప్పట్లే వినిపించాయి. ఏలూరు నుంచి మాతో వచ్చినవాళ్ళందరూ తలకాయలు దించుకుని కూర్చున్నారు. గెలిస్తే ఎవరైనా తలకాయ దించుకుంటారా? పక్క కుర్చీలో ఉన్నావిణ్ణి అడిగాను.

"పాయింటు అవతలి అమ్మాయికి ఇచ్చారండి. మీ అమ్మాయి ఎడమ చెయ్యి బల్లకి తగిలిందంటండి" అందావిడ.

"తగిలితే?"

"తగలకూడదండి. ఆడని చెయ్యి బల్లని ముట్టుకుంటే పాయింటు పోతుందండి."

నాకు అర్థం కాలేదు. కొట్టింది కుడి చేత్తో. బంతి అవతలి మూలన పడి, ఆ పిల్ల కదిలేలోపే దాటిపోయింది. నా కళ్ళతో చూశాను. బల్లమీద చెయ్యి ఆనిస్తే బల్ల ఏమన్నా అరిగిపోతుందా? ఉమాదేవి మాత్రం తన ఎడమ చేతిని తిప్పి తిప్పి చూసుకుంటోంది. ఆ చెయ్యి ఎవరిదో, తన భుజానికి ఎలా వచ్చిందో తెలియనట్టు.

ఆ చెయ్యి అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ఉమాదేవి సంగతి మొదట్నుంచీ చెప్పాలి.

ఉమాదేవి మా తమ్ముడు జోగారావు కూతురు. మా పుట్టిల్లు కొల్లేరు అంచున. మా నాన్న వరి పండించిన చేలన్నీ మా తమ్ముడి హయాంలో చేపల చెరువులైపోయాయి. ఆ ఊళ్ళో ఏడో తరగతి దాటితే బడి లేదు. అందుకని పిల్లని ఏలూరులో మా ఇంట్లో ఉంచి హైస్కూల్లో వేశాడు. పదో తరగతి లెక్కల్లో పోయింది. మళ్ళీ రాసింది, మళ్ళీ పోయింది. మూడోసారి రాస్తానంటే, "ఇంక చాల్లేవే, కాయ ఏరడం నేర్చుకో" అని మా షెడ్డులో కూర్చోబెట్టాను.

మాది నిమ్మకాయల కమీషన్ షెడ్డు. మా ఆయన పోయాక ముప్ఫై ఏళ్ళుగా నేనే నడుపుతున్నాను. పెదవేగి పక్క తోటల నుంచి కాయ వస్తుంది. ఏటవాలుగా ఉన్న పొడుగు బల్లమీద గుమ్మరిస్తాం. పచ్చికాయ ఒక పక్కకి, పండు ఒక పక్కకి, మచ్చకాయ ఇంకో పక్కకి పోవాలి. నిమ్మకాయ గుండ్రంగా ఉంటుంది, ఏటవాలు బల్లమీద ఆగదు. కాబట్టి ఎడమ అరచెయ్యి బల్లకి ఆనించి, వేళ్ళు విప్పి, గుట్టకి అడ్డకట్ట వెయ్యాలి. కుడి చెయ్యి గుట్టలోకి పోయి, పనికిరాని కాయని మణికట్టు విదిలింపుతో పక్క తొట్టిలోకి తోలాలి. పట్టుకుని ఎత్తి వేసేవాళ్ళు రోజుకి నాలుగు బస్తాలు చేస్తారు. విదిలించేవాళ్ళు పది చేస్తారు.

ఉమాదేవికి పదహారేళ్ళప్పుడు ఆ బల్ల ముందు నిలబెట్టి నేర్పింది నేనే. ఎడమ చెయ్యి లేచినప్పుడల్లా కాయలు దొర్లి నేలమీద పడేవి. కొలబద్దతో ఆ చేతిమీద ఒక్కటిచ్చేదాన్ని. "ఎడమ చెయ్యి బల్లమీద ఉండాలి. ఇల్లు కూలినా సరే, అది లేవకూడదు" అనేదాన్ని. నెల తిరిగేసరికి లేవడం మానేసింది. ఏడాది తిరిగేసరికి మా షెడ్డులో దానంత జోరుగా కాయ ఏరేవాళ్ళు లేరు.

పెదవేగిలో పామాయిల్ గెలలు తోలే ట్రాక్టరు నడిపే జగ్గారావుకిచ్చి పెళ్ళి చేశాం. కాపురం ఏలూరులోనే. మెత్తని మనిషి. ఇద్దరూ మెత్తనివాళ్ళే. వాళ్ళింట్లో చారులో ఉప్పు లేకపోతే ఇద్దరూ లేకుండానే తినేస్తారు గానీ, లేదని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోరు.

మా షెడ్డు వెనక వీధిలో ఒక మేడమీద టేబుల్ టెన్నిస్ హాలుంది. రెండు బల్లలు. మేడ కింద సోడా కొట్టుకి కాయ మేమే పంపుతాం. పన్నెండేళ్ళ కిందట ఒక రోజు కాయ ఇవ్వడానికి వెళ్ళిన ఉమాదేవి మెట్లమీద దొర్లుకుంటూ వచ్చిన తెల్ల బంతిని పట్టుకుని, ఇద్దామని పైకి వెళ్ళింది. వెళ్ళి గంట దాకా రాలేదు. అక్కడ ఆట నేర్పే ఎలీయాజరు మాస్టారు రైల్వేలో చేసి రిటైరైన మనిషి. సరదాకి బ్యాటు చేతికిచ్చి, బంతిని నెట్టు దాటగానే పడేలా చిన్నగా వేశారట.

ఆ చిన్న బంతి సంగతి ఆయనే నాకు తరవాత విడమరిచి చెప్పారు. అది అలాగే వదిలేస్తే బల్లమీదే రెండోసారి పడుతుంది. చెయ్యి ఊపి కొడదామంటే బల్ల అడ్డం. అందుకని చాలామంది దాన్ని మెల్లగా అవతలికి తోసి ఊరుకుంటారు. మొనగాళ్ళు మాత్రం కుడి కాలు బల్ల కిందికి వేసి, ఒళ్ళు ముందుకు వంచి, బంతి లేచి పైకొచ్చిన చోట ముంజెయ్యీ మణికట్టూ ఒక్కసారి విదిలిస్తారు. దాన్ని ఫోర్‌హ్యాండ్ ఫ్లిక్ అంటారు. ఈ కాలం పిల్లలు టీవీలో చూసి, ఆ బంతిని మోచెయ్యి ఎత్తి బ్యాక్‌హ్యాండ్‌తో తిప్పడం నేర్చుకున్నారట. కుడి మూలన పడినా సరే, పక్కకి జరిగి మరీ బ్యాక్‌హ్యాండే తిప్పుతారట. ఫోర్‌హ్యాండ్ ఫ్లిక్ కొట్టేవాళ్ళు తగ్గిపోయారు కాబట్టి, అది వస్తుందని కాచుకుని ఉండేవాళ్ళూ తగ్గిపోయారు.

ఉమాదేవికి ఇవేమీ తెలియదు. మచ్చకాయ కనపడింది, విదిలించింది. బంతి మాస్టారి పక్కనుంచి వెళ్ళి గోడకి తగిలింది.

"ఏమ్మా, ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారట ఆయన.

"మా అత్తయ్య నేర్పిందండి" అందట ఇది.

అప్పటి నుంచి రోజూ షెడ్డు మూశాక సాయంత్రం ఒక గంట హాలుకి పోయేది. నేను ఆ మేడ ఎక్కింది లేదు. పెళ్ళయిన మనిషికి బంతాట ఏమిటని నాలుగు మాటలనేదాన్ని. "ఆయ్, నిజమేనండి అత్తయ్యా" అనేది, వెళ్ళిపోయేది.

మొన్న ఏప్రిల్లో వట్లూరులో స్కూలు నడిపే హనుమంతరావుగారు హాలుకి వచ్చారు. వాళ్ళ స్కూల్లో ఆడపిల్లలకి ఈ ఆట నేర్పడానికి ఒక మనిషి కావాలి. ఉమాదేవి ఆట చూశారు. "పదో తరగతి లేకపోయినా పర్లేదండి. మే నెల్లో తాడేపల్లిగూడెంలో ఉమ్మడి జిల్లా పోటీలున్నాయి కదా, అందులో ఆడవాళ్ళ కప్పు తెచ్చుకోండి. డిగ్రీ ఏదని పేరెంట్స్ అడిగితే ఆ కప్పు చూపిస్తాను. ఉద్యోగం మీదే" అన్నారు.

ఆ రాత్రి అన్నం తినకుండా మా ఇంటికి వచ్చి చెప్పింది. ఇరవై నాలుగేళ్ళుగా నిమ్మ పులుసుకి దాని గోళ్ళ చివరలు పగిలి తెల్లబడిపోయాయి. ఆ వేళ్ళు ఒడిలో పెట్టుకుని, "అత్తయ్యా, నన్ను పొమ్మంటారా?" అంది.

"కప్పు రానీవే ముందు" అన్నాను. పోటీల రోజు అది పిలవకుండానే షెడ్డుకి సెలవిచ్చి నేనూ తాడేపల్లిగూడెం రైలెక్కాను.

ఆ పోటీల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఓడిపోయినవాళ్ళు తరవాతి ఆటకి అంపైరుగా కూర్చోవాలి. అలా మొదటి ఆటలన్నిటికీ ఏలూరువాళ్ళో, గూడెంవాళ్ళో, తెలిసినవాళ్ళే కూర్చున్నారు. ఉమాదేవి ముగ్గుర్ని వరసగా ఓడించింది. నేను మొట్టమొదటిసారి చూస్తున్నాను. చారులో ఉప్పు లేదని చెప్పలేని మనిషి బల్ల ముందుకు వచ్చేసరికి తుపాకీలా ఉంది. ఇన్నేళ్ళు ఇది నా షెడ్డులో ఉందా అనుకున్నాను.

ఫైనల్లో అవతలి పిల్ల అలేఖ్య. తాడేపల్లిగూడెం పిల్లే, ఇంజినీరింగు చదువుతోంది. ఆ ఒక్క ఆటకి మాత్రం విశాఖపట్నం నుంచి పరీక్ష పాసైన అంపైరు వచ్చింది. సంహిత అని, పాతికేళ్ళుంటాయేమో. ఆమెకి మా ఊరివాళ్ళెవరూ తెలియదు.

రెండో నిమిషంలోనే నేను ముందు చెప్పింది జరిగింది. ఉమాదేవి "పొరపాటండి" అని చెయ్యి జోడించి మళ్ళీ ఆడింది. మళ్ళీ చిన్న బంతి వచ్చింది. మళ్ళీ కాలు లోపలికి, విదిలింపు, బంతి మూలకి. మళ్ళీ అంపైరమ్మ చెయ్యి లేచింది.

"ఫ్రీ హ్యాండ్ అండి."

మూడోసారి. నాలుగోసారి. మొదటి గేమ్ పదకొండు నాలుగు. ఆ నాలుగూ అలేఖ్య తనంతట తాను తప్పుగా కొట్టినవే.

గేముకీ గేముకీ మధ్య ఒక్క నిమిషం ఇస్తారు. అడ్డంగా పెట్టిన అట్టలు దాటుకుని నేను లోపలికి వెళ్ళాను. ఎవరో ఆపబోతే, "మా మేనకోడలు" అన్నాను. అప్పటికే ఎలీయాజరు మాస్టారు దానికి మంచినీళ్ళిస్తున్నారు. ఉమాదేవి నీళ్ళు తాగట్లేదు. ఆయన మొహంలోకే చూస్తోంది.

"మాస్టారూ, ఈ రూలు కొత్తగా పెట్టారా అండి?"

"లేదమ్మా. ఎప్పట్నుంచో ఉంది."

"మీకు తెలుసా అండి?"

ఆయన సీసా మూత బిగించారు. "తెలుసమ్మా."

"నా చెయ్యి ఆనుతోందని?"

"మొదటి రోజే చూశాను."

పన్నెండేళ్ళు! హాల్లో రోజూ పదిహేనుమంది ఆడతారు. అందరూ చూశారు. అందరికీ తెలుసు. ఇది గెలిచిన ప్రతిసారీ "బాగా కొట్టారండి" అని చేతులు కలిపి ఇళ్ళకి పోయారు. ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పలేదు.

"సిగ్గుందా మాస్టారూ?" అన్నాను. "రైల్లో టిక్కెట్టు లేనివాణ్ణి చూసినా ఇలాగే ఊరుకునేవారా? కళ్ళముందు పిల్ల తప్పు చేస్తుంటే నోట్లో ఏం పెట్టుకున్నారు?"

ఆయన నాకేసి చూశారు. కోపం లేదు ఆ చూపులో. "నరసమ్మగారూ, రెండో రోజే చెప్పబోయానండి. ఆ చెయ్యి అలా ఎందుకు పెడుతున్నావమ్మా అని అడిగాను. మా అత్తయ్య పెట్టమందండి అంది. మీ అత్తయ్య ఎవరమ్మా అంటే మీ పేరు చెప్పింది. వీధిలో మీ నోరు ఎవరికి తెలీదండీ? మీరు నేర్పింది తప్పని మీ షెడ్డు ముందుకొచ్చి ఎవరంటారు? పోనీలే, సరదా ఆటే కదా అనుకున్నాం. ఉద్యోగం దాకా వస్తుందని ఎవరనుకున్నారండీ."

నిమిషం అయిపోయింది. ఎవరో కుర్చీ వేస్తే కూలబడ్డాను. పరాయివాళ్ళని అనడానికి నా దగ్గర మాటలకి కరువెప్పుడూ లేదు. నన్ను నేను అనుకోవడమే అలవాటు లేదు.

రెండో గేమ్‌లో ఉమాదేవి ఫ్లిక్ కొట్టడమే మానేసింది. చిన్న బంతి వస్తే మెల్లగా తోసింది. తోసిన ప్రతి బంతినీ అలేఖ్య వాయించేసింది. పదకొండు ఆరు. మూడో గేమ్‌లో సర్వీసు అవ్వగానే ఎడమ చేతిని వెనక్కి విరిచి, చున్నీ నడుముకి కట్టిన ముడిలో దోపుకుంది. ఆ చెయ్యి లేకపోతే ఒళ్ళు నిలవట్లేదు. ఒక బంతి నెట్టులోకి, ఒకటి పైకప్పుకేసి పోయింది. ఒక్కటంటే ఒక్కటి మాత్రం చెయ్యి ఆనకుండా వెళ్ళి మూలన తగిలింది. అప్పుడు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. సిగ్గుతో కొట్టారు, నాకు తెలుసు. పదకొండు ఎనిమిది. అయిపోయింది.

కప్పు అలేఖ్యకిచ్చారు. హనుమంతరావుగారు మెల్లగా మా దగ్గరికి వచ్చారు.

"అయ్యో, ఇలా అయిందేమిటండీ" అన్నారు. "కప్పు గెలిచిన ఆ అమ్మాయినే అడిగాను. చదువుకోవాలి, నాకు ఉద్యోగం వద్దంకుల్ అంది. మిమ్మల్ని తీసుకుందామనే ఉందండి నాకు. కానీ ఈ చెయ్యి సంగతి అందరూ చూశారు కదా. రేపు పిల్లలందరూ బల్లమీద చేతులు పెడితే నేనేం చెప్పనండీ?"

నేను నోరు తెరవబోయాను. ఉమాదేవి నా చెయ్యి పట్టుకుని ఆపింది. జీవితంలో మొదటిసారి నన్ను ఆపింది.

"నెల రోజులివ్వండి. స్కూలు తెరిచేలోపు మా హాలుకి వచ్చి చూడండి. వరసగా ఇరవై ఫ్లిక్‌లు కొడతాను. ఒక్కసారి చెయ్యి తగిలినా నాకా ఉద్యోగం వద్దండి."

"అలాగేనండి" అన్నారాయన. ఆయనా మెత్తని మనిషే.

తిరుగు రైలు భీమడోలు దాటింది. కిటికీలోంచి చేపల చెరువుల నీచువాసన వస్తోంది. అప్పుడంది:

"అత్తయ్యా, రేపట్నుంచి మీరు హాలుకి రావాలి."

"నేనెందుకే? నాకేం తెలుసు ఆ ఆట?"

"ఆట తెలియక్కర్లేదండి. బల్ల పక్కన కూర్చుని నా ఎడమ చెయ్యి చూడండి. తగిలినప్పుడల్లా తిట్టండి. ఆ హాల్లో నన్నెవరూ తిట్టరండి."

నా నోటికి భయపడి పదిహేనుమంది పన్నెండేళ్ళు నోరు మూసుకున్నారు. ఇదేమో ఆ నోరే కావాలంటోంది.

మర్నాటి నుంచి మోకాళ్ళు పట్టుకుని ఆ మేడ ఎక్కాను. బల్ల పక్కన స్టూలు. ఎలీయాజరు మాస్టారు చిన్న బంతులు వేస్తారు, ఇది విదిలిస్తుంది, నేను చెయ్యి చూస్తాను. మొదటి రోజు గంటలో అరవైసార్లు తగిలింది. అరవైసార్లూ అన్నాను.

"తగిలింది! ఏం, బల్ల పారిపోతుందా పట్టుకోవడానికి?"

"తగిలింది! ఆ చెయ్యి జగ్గారావుకిచ్చి రావే ఇంటి దగ్గర!"

"తగిలింది! పదో తరగతి లెక్కల్లో నయం, రెండుసార్లే పోయావు!"

పక్క బల్ల దగ్గర ఆడుతున్న బట్టల కొట్టు శ్యామ్ సుందర్ బ్యాటు కింద పడేసుకున్నాడు. "మామ్మగారూ, పాపం కదండీ" అన్నాడు.

"పాపం నీదయ్యా. పన్నెండేళ్ళు చూస్తూ ఊరుకున్నావు. ఆడుకో."

వారం తిరిగేసరికి నలభైకి దిగింది, రెండో వారానికి పదిహేనుకి. ఎడమ చెయ్యి వెనక కట్టేసుకుంటే ఒళ్ళు తూలిపోతుందని మాస్టారు వద్దన్నారు. కోడిపెట్ట రెక్కలా పక్కకి చాచి గాల్లో నిలపాలట. కుడి కాలు లోపలికి పోగానే బరువు ఆ కాలిమీద పడాలి, చేతిమీద కాదు. చెప్పడం తేలికే. షెడ్డులో పగలంతా ఎడమ చెయ్యి బల్లమీద, సాయంత్రం గాల్లో. రెండూ ఎలా కుదురుతాయి? ఒక రోజు షెడ్డులో కూడా ఎడమ చెయ్యి ఎత్తేసింది. రెండు బస్తాల కాయ దొర్లి షెడ్డంతా పరుచుకుంది. ఏరేవాళ్ళందరూ నాకేసి చూశారు. నేను వంగి కాయలు ఏరడం మొదలుపెట్టాను. ఉమాదేవి కూడా నమ్మలేనట్టు చూసింది. "ఏంటే చూస్తావు? ఎత్తింది మంచిదే, ఎత్తు" అన్నాను.

మూడో వారంలో ఒక సాయంత్రం దాని కుడి మణికట్టు వాచింది. గుడ్డ చుట్టుకుని ఆడుతోంది. చెమటకి కళ్ళు మండుతున్నాయి కాబోలు, మాటిమాటికీ భుజానికి తుడుచుకుంటోంది. ఒక బంతికి ఎడమ చెయ్యి అలా ఆనీ ఆననట్టు తగిలింది. నేను ఊరుకున్నాను.

ఆట ఆపి నా వైపు తిరిగింది. "తగిలింది కదా అత్తయ్యా. ఎందుకన్లేదు?"

"తగల్లేదే. నాకు కనపళ్ళేదు."

"మీకు కనపళ్ళేదా?" అంది. మాస్టారు బంతి పట్టుకుని తల దించుకున్నారు. హాలు మొత్తం చేసిన పనే నేనూ చేశాను. ఎంత తేలికో నాకు అప్పుడు తెలిసింది. ఆ పూట ఇంటికి పోయి నన్ను నేను తిట్టుకున్నాను.

జూన్ మొదటి ఆదివారం హనుమంతరావుగారు వచ్చారు. కుర్చీ వేశారు. సోడా తెప్పించారు. హాలువాళ్ళందరూ గోడవారగా నిలబడ్డారు. జగ్గారావు ట్రాక్టరు కింద రోడ్డుమీద ఆపి, గెలల దుమ్ముతోనే పైకొచ్చి గుమ్మం దగ్గర ఆగాడు.

ఎలీయాజరు మాస్టారు బంతులు వేశారు. కుడి మూలకి చిన్నగా, ఒక్కోటి ఒక్కో తిప్పుడుతో. ఉమాదేవి కాలు లోపలికి పోవడం, రావడం. ఎడమ చెయ్యి పక్కకి లేచి గాల్లో నిలవడం. ఒకటి, రెండు, ఐదు. బంతి మూలన తగిలి గోడకి పోతోంది. పది. హనుమంతరావుగారు సోడా తాగడం మర్చిపోయారు. పన్నెండు. పదిహేను. శ్యామ్ సుందర్ పైకి లెక్కపెడుతున్నాడు. పదహారు. పదిహేడు.

పద్దెనిమిదో బంతి నెట్టుకి మరీ దగ్గరగా పడింది. ఉమాదేవి ఇంకాస్త వంగింది. విదిలించింది. బంతి వెళ్ళింది. గోడవారగా ఉన్నవాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు.

"తగిలింది!"

ఆ అరిచింది ఎవరా అని అందరితోపాటు నేనూ చూశాను. అరిచింది నేనే. చిటికెన వేలు. ఆ ఒక్క వేలు, రెప్పపాటు. నా నోరు నన్ను అడగలేదు. నెల రోజుల అలవాటు, అదే అరిచేసింది. నా చేత్తోనే దాని ఉద్యోగం తీసి అవతల పారేశాను.

హనుమంతరావుగారు ఇబ్బందిగా కదిలారు.

"నాకు కనపళ్ళేదండి" అన్నారు. "ఎవరికన్నా కనపడిందా?"

గోడవారగా ఒక్కళ్ళూ మాట్లాడలేదు.

"చూశారా, ఎవరికీ కనపళ్ళేదు. పెద్దావిడ కదా, ఏదో అనిపించి ఉంటుంది. పోనిద్దురూ. మిగతా రెండూ కొట్టెయ్యండి, ఉమాదేవిగారూ."

నేను దాని మొహంలోకి చూడలేకపోయాను. "అవునండి, నా కళ్ళకి చత్వారం" అనేద్దామా అనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది.

"తగిలిందండి" అంది ఉమాదేవి.

"పోనిద్దురంటున్నాను కదండీ."

"పన్నెండేళ్ళు పోనిచ్చారండి" అంది. గొంతు పెంచలేదు. ఎప్పటి గొంతే. అయినా గోడవారగా ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. "మా అత్తయ్య చూసింది. తగిలింది. నేను మీకిచ్చిన మాట పోయిందండి."

ఆయన సోడా కింద పెట్టారు. తరవాత లేచి, దానికి నమస్కారం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆపలేదు ఎవరూ. జగ్గారావు గుమ్మంలోంచి పక్కకి తప్పుకుని దారిచ్చాడు. పదిరోజుల తరవాత జంగారెడ్డిగూడెం నుంచి డిగ్రీ ఉన్న కుర్రాణ్ణెవర్నో పెట్టుకున్నారని విన్నాం.

ఆయన వెళ్ళగానే నేను ఏడ్చాను. డెబ్భై నాలుగేళ్ళ మనిషిని, నలుగురి ముందు స్టూలుమీద కూర్చుని ఏడ్చాను. ఉమాదేవి వచ్చి నా పక్కన నేలమీద చతికిలబడింది.

"నన్ను తిట్టవే" అన్నాను. "ఒక్కసారన్నా తిట్టు. నీ నోటి దగ్గర కూడు తీసేశాను."

"మీరు ఊరుకుని ఉంటే తిట్టేదాన్నండి" అంది.

జగ్గారావు వచ్చి దాని వాచిన మణికట్టు తన అరచేతిలో పెట్టుకుని చూశాడు. "ఉద్యోగం లేదంటగా" అన్నాడు. "లేదండి" అంది. "సరే, అన్నం తిందాం రా" అన్నాడు. వాళ్ళ కాపురంలో అంత పొడుగు సంభాషణ నేనెప్పుడూ వినలేదు.

ఉమాదేవి ఇప్పటికీ నా షెడ్డులోనే కాయ ఏరుతోంది. దాని ఎదర బల్లకి అంచున చెక్క అడ్డం కొట్టించాను, ఎడమ చెయ్యి ఆనించక్కర్లేకుండా. రోజుకి ఎనిమిది బస్తాలే అవుతున్నాయి. అవ్వనీ. హాల్లో జనం మాత్రం మారారు. మొన్న శ్యామ్ సుందర్ సర్వీసు చేస్తే, బంతి అరచేతిలోంచి పైకి ఎగరెయ్యకుండా కొడుతున్నావని ఎలీయాజరు మాస్టారు మొహంమీదే అన్నారు. వాడు రెండు రోజులు అలిగి, మూడో రోజు వచ్చి మార్చుకున్నాడు.

నిన్న సాయంత్రం మాస్టారు వచ్చే పోటీల కాగితాలు తెచ్చారు. ఉమాదేవి స్టూలు పక్కన కూర్చుని నింపింది. పేరు, వయసు, ఊరు. కింద కోచ్ పేరు అని ఒక గడి ఉంది. పెన్ను ఆపకుండా అందులో నా పేరు రాసేసింది. వెంకటనరసమ్మ అని.

"ఏంటే ఇది? మాస్టారుండగా నా పేరేంటి? బ్యాటు పట్టుకున్న మొహమా ఇది?"

"నన్నడిగే రాసిందండి" అన్నారు మాస్టారు.

"నేను మూడో తరగతి వరకే చదివానే. నవ్వుతారు."

"గడిలో చదువు అడగలేదండి అత్తయ్యా."

కొట్టెయ్యమన్నాను. కొట్టెయ్యలేదు. ఇటివ్వమని చెయ్యి చాచాను, ఇవ్వలేదు. కాగితం మడిచి మాస్టారి జేబులో పెట్టి, బ్యాటు తీసుకుని బల్ల దగ్గరికి పోయింది.